అడిగిన టెక్స్ట్ మోడ్ ఇవ్వండి, ఇవ్వలేకపోతే ఆ మాట చెప్పండి: బూట్‌లోడర్ ఇంజనీర్లకు బహిరంగ లేఖ

కంప్యూటర్ వేయగానే ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపే బూట్‌లోడర్ల మీద పనిచేసే ఇంజనీర్లకు, లినక్స్ డిస్ట్రోల (వాడుకోవడానికి సిద్ధం చేసి ఇచ్చే లినక్స్ కూర్పుల) ఇన్‌స్టాలర్లు తయారుచేసేవారికి, బెంగళూరులో సర్వర్లు అమ్మి సపోర్ట్ ఇచ్చే సంస్థల వారికి,

నమస్కారం.

మీరు రాసిన సాఫ్ట్‌వేర్‌తోనే మా ఇల్లు గడుస్తోంది. ఆ కృతజ్ఞత మనసులో ఉంచుకునే ఈ లేఖ రాస్తున్నాను. మీలో చాలామంది ఈ ఊళ్లోనే, వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో పనిచేస్తుంటారు. వాళ్లలో తెలుగువాళ్లూ తక్కువేం కాదు. ఇదే ఊళ్లో ఎస్పీ రోడ్‌లో పార్టులు కొనుక్కుని చిన్న ఆస్పత్రులు, డయాగ్నొస్టిక్ సెంటర్లు, ప్రింటింగ్ ప్రెస్సులు, పీణ్యాలోని వర్క్‌షాపుల కంప్యూటర్లు చూసుకునే టెక్నీషియన్లలో నేనొకడిని. హిందూపురం, మదనపల్లె, అనంతపురం వైపు నుంచి వచ్చి ఈ పనిలో కుదురుకున్నవాళ్లం చాలామందిమి ఉన్నాం. మీరు కోడ్‌లో తీసుకునే చిన్న నిర్ణయం మా కస్టమర్ల కౌంటర్ దగ్గర ఏం చేస్తుందో మీకు కనిపించే అవకాశం తక్కువ. అందుకే ఇంత వివరంగా రాయాల్సి వస్తోంది.

లినక్స్ కేంద్రభాగమైన కెర్నెల్ మొదలయ్యేటప్పుడు తెర ఏ మోడ్‌లో ఉండాలో (అక్షరాలు మాత్రమే చూపే టెక్స్ట్ మోడా, బొమ్మలు గీసే గ్రాఫిక్స్ మోడా) బూట్‌లోడర్‌కి ఒక ఆప్షన్ ఇస్తాం. వీజీఏ=నార్మల్ అని రాస్తే వరుసకు 80 అక్షరాలు, మొత్తం 25 వరుసలు. వీజీఏ=ఎక్స్‌ట్ అని రాస్తే 50 వరుసలు. వీజీఏ=ఆస్క్ అంటే ఏ మోడ్ కావాలో నన్ను అడుగు అని. ఏళ్ల తరబడి మేం నమ్ముకున్న ఆప్షన్ ఇది. ఈరోజు ఒక మెషీన్‌లో ఇది పనిచేస్తుంది, పక్క మెషీన్‌లో వేరే మోడ్‌గా మారిపోతుంది, మూడోదానిలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఏది జరిగిందో తెర ముందున్న మనిషికి తెలియదు. మా కోరిక ఒక్కటే. అడిగిన మోడ్ ఇవ్వండి. ఇవ్వలేకపోతే, ఇవ్వడం లేదని ఆ మనిషికి కనబడేలా చెప్పండి.

ఈ మాట బహిరంగంగా చెప్పడానికి ముందు పద్ధతి ప్రకారమే వెళ్లాం. సర్వర్ అమ్మినవారిని అడిగితే ఆపరేటింగ్ సిస్టమ్ సమస్య అన్నారు. డిస్ట్రో వారి దగ్గర ఫిర్యాదు నమోదు చేస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ వైపు చూడమన్నారు. చివరికి ‘అది పాత ఆప్షన్, తీసేయండి’ అనే ఒక్క వాక్యంతో ఫిర్యాదు మూసేశారు. ఎవరికి వారే యమునా తీరే. పాతదని తీసేయమనడంలో తప్పు లేదు. కానీ తీసేసి ఏం రాయాలో, రాసినది పనిచేసిందో లేదో ఎలా తెలుసుకోవాలో ఎవరూ చెప్పలేదు.

ముందుగా జరుగుతున్నదేమిటో చెబుతాను. మీకు తెలిసిందే, కానీ ఈ లేఖ చదివే నాలాంటి టెక్నీషియన్లకు తెలియాలి.

వీజీఏ ఆప్షన్ కమాండ్ లైన్‌లో, అంటే కెర్నెల్‌కి అందించే ఆప్షన్ల వరుసలో, కనిపిస్తుంది కాబట్టి దాన్ని కెర్నెలే చదువుతుందని చాలామంది అనుకుంటారు. కెర్నెల్ డాక్యుమెంట్లలో మాత్రం ఇది నిజానికి బూట్‌లోడర్ ఆప్షన్ అని స్పష్టంగా ఉంది. కెర్నెల్ తన కమాండ్ లైన్ చదవకముందే ఈ విలువ అవసరమవుతుంది. అందుకని బూట్‌లోడరే దాన్ని చదివి, కెర్నెల్ సెటప్ హెడర్‌లో వీడియో మోడ్ కోసం ఉంచిన చోట నింపాలి. పాత 16 బిట్ బూట్ పద్ధతిలో కెర్నెల్ తాలూకు రియల్ మోడ్ కోడ్ మొదట నడిచేది. అది ఆ విలువ చూసి, బయోస్‌ని (మదర్‌బోర్డులో ముందే ఉండే పాత తరం ఫర్మ్‌వేర్‌ని) పిలిచి తెర మోడ్ మార్చేది. ఈ మోడ్ ఎంపిక గురించి మార్టిన్ మారెష్ 1995లో మొదలుపెట్టి రాసిన డాక్యుమెంట్ ఇప్పటికీ కెర్నెల్‌తో పాటే వస్తోంది. 2007లో 2.6.23 కెర్నెల్ కోసం హెచ్. పీటర్ ఆన్విన్ ఆ అసెంబ్లీ కోడ్‌ని సీ భాషలో తిరగరాసినప్పుడు కూడా ఈ సౌకర్యాన్ని తీసేయలేదు. లిలో, పాత గ్రబ్, సిస్‌లినక్స్ అనే బూట్‌లోడర్లన్నీ ఈ ఆప్షన్‌ని గౌరవించాయి.

గ్రబ్ 2 వచ్చాక దారి మారింది. దానిలోని మామూలు లినక్స్ కమాండ్ 32 బిట్ పద్ధతిలో బూట్ చేస్తుంది. అంటే రియల్ మోడ్ కోడ్‌ని దాటేసి నేరుగా లోపలికి వెళ్తుంది. ఇక మోడ్ మార్చే పని బూట్‌లోడర్‌దే. దీనికోసం జీఎఫ్‌ఎక్స్‌పేలోడ్ అనే వేరియబుల్ తెచ్చారు. దానికి టెక్స్ట్ అనో, కీప్ (ఉన్న మోడ్‌నే ఉంచు) అనో, 1024×768 లాంటి కొలతో ఇవ్వాలి. వీజీఏ ఆప్షన్ ఇక పనిచేయదనీ, దాని వాడకాల్లో ‘కొన్నింటిని’ గ్రబ్ గుర్తుపట్టి కొత్త పద్ధతిలోకి మారుస్తుందనీ మాన్యువల్‌లో ఉంది. లినక్స్16 అనే కమాండ్ వాడితే ఈ ఇబ్బంది లేదని కూడా ఉంది. ఇంతవరకు న్యాయంగానే ఉంది. ఆ ‘కొన్ని’ ఏవో మాన్యువల్‌లో వెతికితే దొరకవు. కోడ్ తెరిచి చూడాలి.

గ్రబ్‌కి తెలిసిన గ్రాఫిక్స్ మోడ్ నంబర్లను పక్కనబెడితే, కోడ్‌లో నాలుగు రకాలుగా జరుగుతుంది. నార్మల్ అంటే టెక్స్ట్‌గా మారుస్తుంది, సరే. ఎక్స్‌ట్ అన్నా అదే టెక్స్ట్‌గా మారుస్తుంది, అంటే 50 వరుసలు అడిగినవాడికి 25 వరుసలే వస్తాయి. 80×50కి సపోర్ట్ చేర్చాలని రాసినవారు పక్కనే ఒక గుర్తు పెట్టుకున్నారు, అది గుర్తుగానే ఉండిపోయింది. తెలియని నంబర్ ఇస్తే, ఇది పాతబడిన పద్ధతి అని ఒక లైన్ రాసి, అప్పుడూ టెక్స్ట్‌కే వెళ్తుంది. ఇక ఆస్క్ అని ఇస్తే ఈ సౌకర్యం ఇప్పుడు లేదని చెప్పి, మీట నొక్కడం కోసం ఆగి, కెర్నెల్‌ని లోడ్ చేయడం మానేస్తుంది. మామూలుగా లోడర్ ఇలా ఆగకూడదు గానీ, ఆస్క్ అన్నవాడు సంభాషణ కోరుకుంటున్నాడు కాబట్టి ఆగినా నష్టం లేదని ఆ కోడ్ పక్కన కారణం కూడా రాశారు. ఆ నాలుగో దాన్ని చూస్తే నాకు సంతోషం వేసింది. అడిగిన మనిషిని ఎవరో ఒకరు గుర్తుంచుకున్నారు. మిగతా వాటిలోనూ ఆ శ్రద్ధే కావాలి. ఇప్పుడు వాటిలో వచ్చే ఆ ఒక్క లైన్ కనిపించీ కనిపించకముందే తెర తుడిచిపెట్టుకుపోతుంది. గ్రబ్ రాసిన ఆ లైన్ కెర్నెల్ లాగ్‌లోకీ రాదు.

దీనికి తోడు ఇంకో తికమక ఉంది. బూట్ అయ్యాక ప్రాక్ ఫోల్డర్‌లోని సీఎండీలైన్ ఫైలు తెరిస్తే వీజీఏ=ఎక్స్‌ట్ అని నిక్షేపంగా కనిపిస్తుంది. అనంతపురానికి టికెట్ కొట్టి పెనుకొండలో దించేసినా, చేతిలోని టికెట్ మీద అనంతపురం అనే ఉన్నట్టు. అది చూసిన టెక్నీషియన్ ఆప్షన్ సరిగానే వెళ్లిందనుకుని మానిటర్ మార్చుతాడు, కేబుల్ మార్చుతాడు, చివరికి మదర్‌బోర్డు మీద అనుమానపడతాడు.

ఇక వీటివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో, మీరు ఏం చేయాలో ఒక్కొక్కటిగా చెబుతాను.

1. తెర నల్లగా ఉంటే మనుషులు పవర్ తీసేస్తారు. అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే.

కె.ఆర్.పురం వైపు ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ ఉంది. రక్తపరీక్షల రిపోర్టులు, బిల్లింగ్ అన్నీ ఒకే మెషీన్ మీద నడుస్తాయి. ఆ మెషీన్‌కీ ఇంకోదానికీ కలిపి ఒక పాత మానిటర్, మధ్యలో ఒక చవక కేవీఎం స్విచ్ (ఒకే మానిటర్‌ని రెండు మెషీన్లకు మార్చుకునే పెట్టె). సెంటోస్ 7 అనే లినక్స్ డిస్ట్రో ఉన్నన్నాళ్లు వీజీఏ=ఎక్స్‌ట్‌తో హాయిగా నడిచింది. ఆ వెర్షన్ బయోస్ మెషీన్ల మీద లినక్స్16 కమాండ్‌తోనే బూట్ చేసేది కాబట్టి పాత ఆప్షన్ పాత అర్థంతోనే పనిచేసేది. పైగా అందులోని 3.10 కెర్నెల్‌కి ఆ గ్రాఫిక్స్ చిప్ డ్రైవర్ లేకపోవడంతో తెర చివరిదాకా టెక్స్ట్ మోడ్‌లోనే ఉండేది. సెంటోస్ 7కి 2024 జూన్ 30తో సపోర్ట్ ముగిసింది. అందరిలాగే ఆ సెంటర్ కూడా కొత్త డిస్ట్రోకి మారింది. కొత్తదానిలో బూట్ కమాండ్ వేరు, కెర్నెల్ వేరు. ఎక్స్‌ట్ కాస్తా మామూలు టెక్స్ట్ అయింది. కాసేపటికి కొత్త డ్రైవర్ తెరను గ్రాఫిక్స్ మోడ్‌లోకి లాగేసుకుంది. మానిటర్ ఏ కొలతలు తట్టుకుంటుందో చెప్పే సమాచారం ఆ కేవీఎం స్విచ్ గుండా దాటలేదు. మానిటర్ మీద ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అని వచ్చి తెర నల్లబడింది.

ఇది ఒక తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చాక జరిగింది. రిసెప్షన్‌లో ఉండే మదనపల్లె కుర్రాడు ఫోన్ చేసి, “అన్నా, మెషీన్ లేవడంలా, తెర నల్లగా ఉంది” అన్నాడు. నిజానికి మెషీన్ లేచింది. లోపల డేటాబేస్ తనను తాను సరిచేసుకుంటోంది. అది తెలిసే దారి ఆ అబ్బాయికి లేదు. నేను ఫోన్ ఎత్తేలోపే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశాడు, మళ్లీ వేశాడు, మళ్లీ ఆపేశాడు. అతని స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. సరిచేసుకుంటున్న డేటాబేస్ మధ్యలో తెగి, రెండు టేబుళ్లు పాడయ్యాయి.

ఆ ఉదయం షుగర్ టెస్ట్ కోసం పరగడుపున వచ్చినవాళ్లు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. బిల్లు లేనిదే శాంపిల్ నంబర్ పడదు, నంబర్ లేనిదే రక్తం తీయరు. కాన్‌ట్రాస్ట్ ఎక్కించి చేసే సీటీ స్కాన్‌కి ముందు క్రియాటినిన్ రిపోర్ట్ కావాలని వేరే ఆస్పత్రి పంపిన ఒక పెద్దాయన ఉన్నారు. ముందురోజు తీసిన ఆయన శాంపిల్ ఫలితం పాడైన టేబుల్‌లో ఉంది. మళ్లీ రక్తం ఇచ్చి, స్కాన్ ఇంకో రోజుకు మార్చుకుని వెళ్లారు. కూతురు ఆఫీసుకు సెలవు పెట్టి తీసుకొచ్చింది, మళ్లీ సెలవు పెట్టాలి. వీజీఏ అనే మాట ఆ తండ్రీకూతుళ్లు ఎన్నడూ విని ఉండరు.

డ్రైవర్ మోడ్ మార్చడం బూట్‌లోడర్ తప్పు కాదు, ఒప్పుకుంటాను. కేవీఎం స్విచ్ నాణ్యత మీ చేతిలో లేదు. కానీ మొదటి మెట్టులోనే ‘మీరు అడిగిన 80×50 మోడ్ ఇవ్వలేకపోతున్నాం, 80×25 ఇస్తున్నాం’ అని తెర మీద 10 సెకన్లు నిలబడి ఉంటే, మార్చిన రోజే మేం దాన్ని చూసేవాళ్లం, చూసి ఏం చేయాలో ఆలోచించేవాళ్లం. కాబట్టి మా మొదటి డిమాండ్: ఆస్క్ విషయంలో చేసినట్టే, ఇవ్వలేని ప్రతి టెక్స్ట్ మోడ్‌కీ చదవగలిగినంతసేపు ఆగి చెప్పండి. మీట నొక్కేదాకా ఆగిపోవద్దు, రాత్రిపూట మనుషులు లేనిచోట సర్వర్లు లేవాలి. 10 సెకన్లు ఆగి ముందుకు వెళ్తే చాలు.

2. ఆ సమాచారం బూట్ అయ్యాక కూడా దొరకాలి.

ప్రస్తుతం కెర్నెల్ లాగ్‌లో మాకు దొరికేది వచ్చిన ఫలితం మాత్రమే. కన్సోల్ కలర్ వీజీఏ 80×25 అని ఒక లైన్ ఉంటుంది. డ్రైవర్ ఎక్కాక ఫ్రేమ్ బఫర్‌కి (తెరను చుక్కచుక్కగా గీసే మెమరీకి) మారుతున్నాం, 240×67 అని ఇంకో లైన్ వస్తుంది. తెర 1920×1080, అక్షరం 8×16 అయితే వచ్చే లెక్క అది. అడిగిందేమిటి, ఎందుకు కాదన్నారు అన్నది ఎక్కడా ఉండదు. బయోస్ స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్ యూఈఎఫ్ఐ. ఆ మెషీన్లలో బూట్‌లోడర్ తన వివరాలను ఈఎఫ్ఐ వేరియబుల్స్‌లో (ఫర్మ్‌వేర్ దాచి ఉంచే విలువల్లో) రాసిపెట్టే పద్ధతి సిస్టమ్‌డీ-బూట్ అనే బూట్‌లోడర్‌లో ఇప్పటికే ఉంది. వీడియో మోడ్ గురించి కూడా అలా ఒక మాట రాసిపెట్టడం అసాధ్యం కాదు కదా. బయోస్ మెషీన్లలో కనీసం కమాండ్ లైన్ చివర ఒక చిన్న గుర్తు చేర్చినా మాకు గంటల పని తగ్గుతుంది. ఆ గంటలకు డబ్బు కట్టేది ఒక ప్రింటింగ్ ప్రెస్ యజమానో, ఒక ట్యూషన్ సెంటర్ మేడమో.

3. మెసేజ్‌కి ఒక నంబర్ ఇవ్వండి.

ఇది మీకు వింతగా అనిపించవచ్చు. మా పనిలో సగం ఫోన్ మీదే నడుస్తుంది. అవతల ఉన్నది సెక్యూరిటీ గార్డో, కాంపౌండరో, అకౌంట్స్ చూసే అమ్మాయో. ఇంగ్లీష్‌లో రెండు వరుసల హెచ్చరికను వాళ్లు నాకు చదివి వినిపించాలి. ఒకరు తెలుగులో, ఒకరు కన్నడలో, ఒకరు తమిళంలో మాట్లాడతారు. అందరూ అంకెలు చదవగలరు. తెలుగులో మెసేజ్ పెట్టమని నేను అడగడం లేదు. లినక్స్ టెక్స్ట్ కన్సోల్ ఫాంట్‌లో గరిష్ఠంగా 512 అక్షర రూపాలే పడతాయి. మన గుణింతాలనూ ఒత్తులనూ కలిపి చూపే ఏర్పాటు దానిలో లేదు. ఆ సంగతి తెలిసే, కనీసం నంబరైనా ఇమ్మంటున్నాను. వీడియో 03 అంటే అడిగిన టెక్స్ట్ మోడ్ లేదు, వీడియో 04 అంటే ఈ ఫర్మ్‌వేర్‌లో టెక్స్ట్ మోడే లేదు, ఇలా. ‘సార్, వీడియో సున్నా నాలుగు అని వచ్చింది’ అని అవతలివాళ్లు చెబితే, ‘బటన్ ముట్టుకోవద్దు, మెషీన్ బాగానే ఉంది’ అని నేను వెంటనే చెప్పగలను.

4. యూఈఎఫ్ఐలో టెక్స్ట్ మోడ్ లేదన్న నిజం ఇన్‌స్టాలరే చెప్పాలి.

ఐబీఎం 1987లో పీఎస్/2తో తెచ్చిన వీజీఏ టెక్స్ట్ మోడ్‌లో తెర మొత్తం 4000 బైట్లలో సరిపోయేది. అక్షరానికో బైటు, రంగుకో బైటు. ఆ మోడ్‌లోకి మార్చమని అడగడానికి బయోస్ ఉండేది. యూఈఎఫ్ఐతో బూట్ అయ్యే మెషీన్‌లో ఆ దారి లేదు. ఫర్మ్‌వేర్ ఇచ్చేది గ్రాఫిక్స్ ఫ్రేమ్ బఫర్. జీఎఫ్‌ఎక్స్‌పేలోడ్=టెక్స్ట్ అని ఎంత గట్టిగా రాసినా అక్కడ వచ్చేది గ్రాఫిక్స్ మోడే, దాని మీద కెర్నెల్ గీసిన అక్షరాలే. లినక్స్16 కమాండ్ కూడా అక్కడ అక్కరకు రాదు. లేనిదాన్ని తెమ్మని మేం మంకుపట్టు పట్టడం లేదు. ఆప్షన్‌ని తీసుకుని ఊరుకోవడం మీదే మా అభ్యంతరం.

టెక్స్ట్ మోడ్ అడిగేవాళ్లంతా పాత అలవాటు కొద్దీ అడుగుతున్నారనుకోవద్దు. కళ్లు సరిగా కనబడనివాళ్లు ఉన్నారు. 80×25లో అక్షరం తెర వెడల్పులో ఎనభయ్యో వంతు ఉంటుంది, ఎంత పెద్ద తెర అయితే అంత పెద్ద అక్షరం. అదే 3840×2160 తెర మీద 8×16 ఫాంట్‌తో ఫ్రేమ్ బఫర్ కన్సోల్ వస్తే వరుసకు 480 అక్షరాలు, 135 వరుసలు. మా పరిచయస్తుల్లో స్టోర్స్ లెక్కలు చూసే ఒక పెద్ద వయసు ఆపరేటర్ భూతద్దం పెట్టుకుని ఎర్రర్ చదవాల్సి వచ్చింది. కెర్నెల్‌లో టెర్మినస్ 16×32 ఫాంట్ ఉంది, బూట్ ఆప్షన్‌తో దాన్ని ఎంచుకోవచ్చు. టెక్స్ట్ మోడ్ ఇవ్వలేని చోట పెద్ద తెర కనిపిస్తే ఈ ఫాంట్‌ని ఇన్‌స్టాలరే పెట్టాలి. చూపు లేనివారు బ్రెయిల్ పరికరంతోనో, తెర మీది అక్షరాలు చదివి వినిపించే స్పీకప్‌తోనో వాడే కన్సోల్‌ని ప్రతి విడుదలకు ముందూ పరీక్షించాలి.

5. అప్‌గ్రేడ్ చేసే ప్రోగ్రామ్ పాత సెట్టింగ్‌ని చూసి మాట్లాడాలి.

సెట్టింగ్స్ ఫైల్లో వీజీఏ అని ఉందా అని వెతకడం ఒక లైన్ పని. ఉంటే ‘ఈ ఆప్షన్ కొత్త వెర్షన్‌లో ఇలా మారుతుంది, లేదా పనిచేయదు’ అని అప్‌గ్రేడ్‌కి ముందే చెప్పండి. మార్చాక కాదు. నిజంగా టెక్స్ట్‌లోనే ఉండిపోవాలంటే జీఎఫ్‌ఎక్స్‌పేలోడ్ ఒక్కటే చాలదు. డ్రైవర్ మోడ్ మార్చకుండా నోమోడ్‌సెట్ అనే ఆప్షన్ కావాలి, బూట్ సమయంలో బొమ్మ చూపే స్ప్లాష్ తీసేయాలి. ఈ మూడూ కలిపి ఒకే చోట ఎవరూ చెప్పరు. తెలిసినవాడి దగ్గర నేర్చుకోవాల్సిందే.

6. సర్వర్లు అమ్మే సంస్థల వారికి ప్రత్యేకంగా.

కొన్ని సర్వర్లలో రిమోట్ టెక్స్ట్ కన్సోల్ మెషీన్ వీజీఏ టెక్స్ట్ మోడ్‌లో ఉన్నంతసేపే కనిపిస్తుంది. గ్రాఫిక్స్‌లోకి మారగానే ఖాళీ. గ్రాఫికల్ రిమోట్ కన్సోల్‌కి లైసెన్స్ వేరుగా కొనాలని అమ్మాక చెబుతారు. రాత్రి రెండింటికి బొమ్మనహళ్ళి నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి బండి మీద వెళ్లేది మా కుర్రాళ్లు. ఏ మోడ్‌లో ఏ కన్సోల్ పనిచేస్తుందో, సీరియల్ కన్సోల్ ఏ పోర్టులో ఏ వేగంతో ఉందో కొటేషన్‌తో పాటే కాగితం మీద ఇవ్వండి. 115200 అని ఒక అంకె ముందే తెలిస్తే ఆ రాత్రి ప్రయాణం తప్పుతుంది. సపోర్ట్‌కి ఫోన్ చేసినప్పుడు ‘ఓఎస్ సమస్య’ అని పెట్టేయకుండా, ఆ మెషీన్ మీద మీరు పరీక్షించిన డిస్ట్రోల్లో టెక్స్ట్ మోడ్ పరిస్థితి ఏమిటో చెప్పగలగాలి.

7. మాన్యువల్ గురించి ఒక మాట.

కెర్నెల్‌ని గ్రాఫిక్స్ మోడ్‌లో మొదలుపెట్టే సెట్టింగ్ వివరించే చోట గ్రబ్ మాన్యువల్‌లో ఒక వాక్యం ఉంది. మీ కెర్నెల్, మీ డిస్ట్రో, మీ గ్రాఫిక్స్ కార్డు, చంద్రుడి కళలను బట్టి తెర సమస్యలు రావచ్చు, వస్తే టెక్స్ట్ అని పెట్టుకోండి అని. రాసినవారు తేలిగ్గా రాసి ఉంటారు. ఆ పేజీ తెరిచేవాడు మాత్రం ఎవరి కౌంటర్ దగ్గరో నిలబడి, వెనక జనం చూస్తుండగా, టెన్షన్‌తో తెరుస్తాడు. అతనికి కావాల్సింది ఒక పట్టిక. ఏ విలువ ఇస్తే బయోస్‌లో ఏం జరుగుతుంది, యూఈఎఫ్ఐలో ఏం జరుగుతుంది, లినక్స్ కమాండ్‌తో ఏమిటి, లినక్స్16తో ఏమిటి. వీజీఏ వాడకాల్లో కొన్నింటిని గుర్తుపడతాం అన్నచోట ఆ కొన్నింటి జాబితా ఇవ్వండి. టెక్స్ట్ అని పెట్టుకోమని సలహా ఇచ్చిన చోటే, యూఈఎఫ్ఐలో ఆ సలహా పనికిరాదని కూడా రాయండి.

వీటికి మీరిచ్చే సమాధానాలు కొన్ని నాకు ముందే వినిపిస్తున్నాయి. మనుషులు తక్కువ, పని ఎక్కువ అంటారు. నిజమే, ఇంతమంది కంప్యూటర్లను లేపే ప్రోగ్రామ్‌ని కొద్దిమందే మోస్తున్నారు. కానీ వీటిలో ఒకటి, ఐదు, ఏడు కొత్త సౌకర్యాలు కావు. ఉన్న మాటను కాస్త ఎక్కువసేపు చూపించడం, వెతికి హెచ్చరించడం, పట్టిక రాయడం. పాత మోడ్‌లు వాడేవాళ్లు ఎంతమంది అని కూడా అంటారు. వాళ్లు మీ లెక్కలోకి రారు. వాళ్ల మెషీన్లు ఇంటర్నెట్‌కి ఏ సమాచారమూ పంపవు. ఒక గది మూలలో, దుమ్ములో, ఏళ్లపాటు ఆగకుండా నడుస్తుంటాయి. ఆగిన రోజే వాటి గురించి ఎవరికైనా తెలుస్తుంది. సెక్యూరిటీ కోసం పాత దారులు మూసేయాలంటారా, మూసేయండి. మూసిన తలుపు మీద మూసేశామని బోర్డు పెట్టండి, అంతే.

మా వైపు నుంచి చేయగలిగింది చేస్తాం. మా దగ్గర బయోస్ మెషీన్లున్నాయి, యూఈఎఫ్ఐవి ఉన్నాయి, రకరకాల పాత మానిటర్లూ కేవీఎం స్విచ్‌లూ ఉన్నాయి. మీ ల్యాబ్‌లో లేనివి కూడా ఎస్పీ రోడ్‌లో దొరుకుతాయి. మార్పు చేసిన బూట్‌లోడర్‌ని వాటిమీద వేసి, తెరల ఫొటోలతో ఫలితాలు పంపుతాం. మాన్యువల్‌కి కావాల్సిన పట్టిక మొదటి కాపీ మేమే రాసిస్తాం, మీరు తప్పులు దిద్దండి. తెలుగులోనూ కన్నడలోనూ టెక్నీషియన్లకు దాన్ని చేర్చే పని మాది.

మీ నుంచి కోరేది రాతపూర్వకమైన జవాబు. పై ఏడింటిలో ఏది చేస్తారు, ఏ విడుదలలోకి తెస్తారు, ఏది చేయరు, ఎందుకు చేయరు. ‘చేయం’ అన్న జవాబైనా మాకు పనికొస్తుంది, దాన్ని బట్టి మా కస్టమర్లకు ఏ మెషీన్ కొనమనాలో, దేన్ని అప్‌గ్రేడ్ చేయవద్దనాలో నిర్ణయించుకుంటాం. సర్వర్లు అమ్మే సంస్థల వారు ఆరో అంశంలో అడిగిన కాగితాన్ని తర్వాతి కొటేషన్ నుంచే జతచేయాలి. అది లేని కొటేషన్లను మా కస్టమర్లకు సిఫారసు చేయకూడదని మాలో కొందరం ఇప్పటికే అనుకున్నాం.

ఇట్లు,
బెంగళూరులో చిన్న సంస్థల లినక్స్ మెషీన్లు చూసుకునే ఒక తెలుగు టెక్నీషియన్